అనంతపురంలో త్రీడీ గ్రాఫులు గీయించుకునేవారు జాగ్రత్త: నా 4,500 రూపాయలతో పాటు గుంత కూడా మాయమైంది

మన ఊరిలో ప్రాజెక్టులు చేసిపెట్టే ఆ సెంటర్ ఏదో ఇక్కడి పరిశోధక విద్యార్థులకు వేరే చెప్పనక్కరలేదు కాబట్టి పేరు రాయడం లేదు. నాది భూగర్భజలాల మీద పరిశోధన. కళ్యాణదుర్గం వైపు బోర్ల నీటిమట్టాలను 200 అడ్డు వరుసలు, 200 నిలువు వరుసల గ్రిడ్‌గా మార్చి ఇచ్చి, పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో గ్రాఫులు గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్ లైబ్రరీతో సర్ఫేస్ ప్లాట్ (ఎత్తుపల్లాలను చూపే త్రీడీ బొమ్మ) గీసి, వెనుక గోడల బూడిద రంగు తీసి, నీటిమట్టం పడిపోయినచోట వచ్చే గుంతలు బాగా కనిపించే కోణానికి తిప్పి ఇమ్మని మొత్తం డబ్బు ముందే ఫోన్‌పే చేశాను. కిలో టమాటాలకు పది నిమిషాలు బేరమాడే నాకు, ఇక్కడ సగం ఆపుకోవాలన్న ఇంగితం లేకపోయింది.

నిన్న ఆ బొమ్మను మా గైడ్ గారి బల్ల మీద పరిచాను. ఆయన కళ్లజోడు పైకి జరిపి, దాని మీద వేలు పెట్టి, "ఇక్కడ పెద్ద గుంత ఉండల్ల కదప్పా, యాడికి పోయింది?" అన్నారు. నా థీసిస్‌లో మూడో అధ్యాయమంతా ఆ గుంత మీదే నిలబడి ఉంది. గైడ్ గారికి చూపించేముందు నేను ఒక్కసారైనా సరిగా చూసుకోలేదు, ఆ తప్పు నాదే.

సాయంత్రం సెంటర్‌కు వెళ్లి అడిగితే, యజమాని సెల్‌ఫోన్ మీద నుంచి చూపు ఎత్తకుండానే, "బొమ్మ నున్నగా ఉందా లేదా సార్? గుంతలు గుంతలుగా ఉంటే గైడుకు నచ్చదని మేమే నున్నగా చేసినాం" అన్నాడు. రెండు ఎండాకాలాలు బోర్లలోకి టేపు దించి నేనే కొలుచుకున్న లెక్క అది అని చెబితే, "ఆ లెక్కలు ఎవరు చూస్తారు సార్, కావాలంటే ఇంకో 800 వేయండి, గుంత పెట్టిస్తాం" అన్నాడు. గుంత పెట్టిస్తాడట! పక్కన కంప్యూటర్ ముందున్న కుర్రాడు కిసుక్కున నవ్వాడు. డబ్బు పోయినదానికన్నా ఆ నవ్వే నాకు రాత్రంతా నిద్ర పట్టనివ్వలేదు.

నిద్ర పట్టక వాళ్ల కోడ్ తెరిచాను. గోడల రంగు తీయడానికి వాడిన డబ్ల్యూ ఎక్స్ యాక్సిస్ అనే పాత పేరును మ్యాట్‌ప్లాట్‌లిబ్ కొత్త వెర్షన్లలో తొలగించారు కనుక, దానిని ఎక్స్ యాక్సిస్ అని మార్చేదాకా అది నా ల్యాప్‌టాప్‌లో కదలనే లేదు. కోణం కోసం రాయవలసిన వ్యూ ఇనిట్ అనే వరుస అసలు లేనే లేదు. ఎలివేషన్ (పైనుంచి చూసే కోణం) 30, అజిముత్ (చుట్టూ తిప్పే కోణం) మైనస్ 60 డిగ్రీలని లైబ్రరీ అందరికీ ఊరికే ఇచ్చే చూపునే నాకు డబ్బు తీసుకొని అమ్మారు. ఇక నున్నగా చేసిన ఘనకార్యం సంగతి: మనం ఏమీ చెప్పకపోతే, బొమ్మ గీసే ప్లాట్ సర్ఫేస్ అనే ఆదేశం ఒక్కో దిక్కున గరిష్ఠంగా 50 నమూనాలే తీసుకుంటుంది కాబట్టి, నా 200 వరుసల మధ్య ఇరుకుగా ఉన్న గుంత ఆ వదిలేసినవాటిలో కలిసిపోయింది. వాళ్లు నున్నగా చేసిందేమీ లేదు, వాళ్లకు తెలియనే తెలియదు. అడ్డు, నిలువు వరుసల్లో ఎన్ని నమూనాలు తీసుకోవాలో చెప్పే ఆర్‌కౌంట్, సీకౌంట్ రెండింటికీ 200 అని ఇవ్వగానే, బొమ్మ రావడం కాస్త ఆలస్యమైనా, గుంత ఉండవలసిన చోట ఉంది.

ఎవరి చేతనైనా గీయించుకోక తప్పనివారు కోడ్ కూడా అడిగి తీసుకొని, మీ ల్యాప్‌టాప్‌లో నడిపి చూసుకున్నాకే మిగతా డబ్బు ఇవ్వండి. నేను రసీదైనా ఇమ్మని అడిగాను, ప్రింటర్‌లో ఇంకు లేదన్నారు.