ఆర్పెస్: ఏళ్ల తరబడి వాడాక నా సమీక్ష

ఆర్పెస్ అంటే కోణాల వారీగా చేసే ఫోటో ఎమిషన్. స్ఫటికం మీద కాంతి పడగానే ఎలక్ట్రాన్లు బయటికొస్తాయి. ఏ కోణంలో, ఎంత శక్తితో వచ్చాయో కొలిస్తే, లోపల ఉన్నప్పుడు వాటి శక్తి ఎంతో, ద్రవ్యవేగం ఎంతో లెక్క తేలుతుంది. 1887లో హెర్ట్జ్ కంటపడి, 1905లో ఐన్‌స్టీన్ వివరించిన కాంతి విద్యుత్ ఫలితమే దీనికి పునాది. పీహెచ్‌డీలో చేరిన దగ్గర్నుంచి నా పని దీంతోనే. ఇప్పుడు నెల్లూరులో పీజీ పిల్లలకు పాఠాలు చెబుతున్నా, సెలవులొస్తే మళ్లీ ఆ యంత్రం దగ్గరికే పోతుంటాను. సూపర్ కండక్టర్ల మీద, అంటే రెసిస్టెన్స్ లేకుండా కరెంటును పోనిచ్చే అతివాహకాల మీద, రీసెర్చ్ చేయాలనుకునే మన జిల్లా పిల్లలు "ఈ టెక్నిక్ తీసుకోవచ్చా సార్?" అని తరచూ అడుగుతుంటారు. వాళ్లకు తీరిగ్గా చెప్పాలనే ఈ సమీక్ష.

ముందు మంచి చెబుతాను. పాదరసం, సీసం లాంటి లోహాల అతివాహకత ఎలక్ట్రాన్లు జంటలు కడతాయని చెప్పే 1957 నాటి బీసీఎస్ సిద్ధాంతంతో చక్కగా అర్థమవుతుంది. 1986లో బెడ్నార్జ్, ముల్లర్ కనిపెట్టిన కాపర్ ఆక్సైడ్ అతివాహకాలు ఆ లెక్కకు లొంగలేదు. వీటిలో ఎలక్ట్రాన్ల జంట విడదీయడానికి కావలసిన శక్తి, అంటే గ్యాప్, దిక్కును బట్టి మారుతుంది. దిక్కుల వారీగా ఆ గ్యాప్‌ను నేరుగా చూపించే సాధనాల్లో ఆర్పెస్‌ది మొదటి వరస. బిస్మత్ 2212 అనే కాపర్ ఆక్సైడ్ స్ఫటికాన్ని బాగా చల్లబరిచి, కాపర్ అణువుల చతురస్రానికి కర్ణం దిక్కున కొలిస్తే గ్యాప్ సున్నా. అక్కణ్నుంచి కాపర్-ఆక్సిజన్ బంధం దిక్కుకు తిప్పుకుంటూ పోతే, స్క్రీన్ మీద ఎలక్ట్రాన్ల శక్తి గ్రాఫు అంచు కొద్దికొద్దిగా వెనక్కి జరుగుతూ 30, 40 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టుల దాకా పోతుంది. స్టాన్‌ఫర్డ్‌లో షెన్ బృందం 1993లో చూపించింది దీన్నే. పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా, మన చేత్తో శాంపిల్ తిప్పుతుంటే ఆ అంచు జరగడం చూసినప్పుడు కలిగే సంతోషం వేరు.

డోపింగ్ (కరెంటు మోసే కణాల సంఖ్యను మార్చే కల్తీ) తక్కువున్న శాంపిల్ పెడితే ఇంకో విచిత్రం. వేడి పెంచుతూ పోతే అతివాహకత పోతుంది, రెసిస్టెన్స్ తిరిగొస్తుంది, బంధం దిక్కున గ్యాప్ మాత్రం అలాగే ఉంటుంది. 1996లో ఆర్పెస్‌లో బయటపడిన ఈ సూడోగ్యాప్ ఎందుకొస్తుందో ఈ రోజుకీ తెగలేదు. 50 నుంచి 80 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర బ్యాండులో (ద్రవ్యవేగాన్ని బట్టి ఎలక్ట్రాన్ శక్తి ఎలా మారుతుందో చూపే గీతలో) కనిపించే వంపు సంగతీ అంతే. అది స్ఫటిక కంపనాల వల్లా, అయస్కాంత కదలికల వల్లా అని 2001 నుంచి వాదన నడుస్తూనే ఉంది. ఆర్పెస్ వంపును చూపిస్తుంది, కారణం పేరు చెప్పదు. గ్యాప్ పరిమాణం చెబుతుంది గానీ ప్లస్సో మైనస్సో చెప్పలేదు. ఆ గుర్తు మారుతుందని తేల్చడానికి 1994లో సుయీ, కర్ట్‌లీ వేరే పద్ధతిలో, మూడు స్ఫటికాల కూడలిలో, ప్రయోగం చేయాల్సి వచ్చింది.

ఇక అసలు విషయం. 20 నుంచి 100 ఎలక్ట్రాన్ వోల్టుల మధ్య శక్తి ఉన్న ఎలక్ట్రాన్ పదార్థంలోంచి బయటపడగలిగేది 5, 10 ఆంగ్‌స్ట్రామ్‌ల (ఒక్కోటి మీటరులో వెయ్యి కోట్ల వంతు) లోతు నుంచే. అంటే పైనున్న రెండు మూడు పొరలే మనకు కనబడేది. అందుకే ఉపరితలం కొత్తగా, శుభ్రంగా ఉండాలి. గాలి తగిలితే పనికిరాదు. 10⁻¹¹ మిల్లీబార్ స్థాయి వాక్యూమ్‌లో, లోపలే స్ఫటికాన్ని చీల్చుకోవాలి. పద్ధతి ఇదీ: ఒకట్రెండు మిల్లీమీటర్ల నల్లటి పలుకును వెండి ఎపాక్సీతో రాగి హోల్డర్ మీద అంటిస్తాం. దాని నెత్తిన చిన్న సిరామిక్ పుల్లను నిలబెట్టి అతికిస్తాం. ఎపాక్సీ గట్టిపడ్డాక లోపలికి పంపి, చల్లబరిచి, బయటి నుంచి కడ్డీతో పుల్లను పక్కకు తడతాం. పుల్ల ఎగిరిపోతుంది, దాంతో పాటు పైపొర లేచిపోతుంది. గాజు కిటికీలోంచి టార్చి వేసి చూస్తే అద్దంలా ఒకే మెరుపు కనబడాలి. మెట్లు మెట్లుగా, మసగ్గా ఉంటే గీతలు అలుక్కుపోతాయి.

బిస్మత్ 2212లో రెండు బిస్మత్ ఆక్సైడ్ పొరలు పక్కపక్కనే బలహీనంగా అంటుకుని ఉంటాయి. చీలిక సరిగ్గా అక్కడే పడుతుంది. క్లాసులో ఆ పలుకును టేపుతో చీల్చి చూపిస్తే, సైదాపురం నుంచి వచ్చే ఒక అమ్మాయి "ఏంది సార్, కాకిబంగారం మాదిరే ఉందే!" అంది. నిజమే. అభ్రకం గనుల ఊళ్ల పిల్లలకు ఈ గుణం గురించి విడిగా చెప్పక్కర్లేదు. అంచు దొరికితే చాలు, పొర ఊడొస్తుంది.

ఈ సులువు వల్లనే ఒక చిక్కు కూడా వచ్చిపడింది. కాపర్ ఆక్సైడ్ల గురించి ఆర్పెస్ చెప్పిందనుకుంటున్న దాంట్లో సింహభాగం నిజానికి ఈ బిస్మత్ కుటుంబం గురించే. 1987లో ద్రవ నైట్రోజన్ ఉష్ణోగ్రత దాటించి సంచలనం రేపిన ఇట్రియం పదార్థం ఇంత మర్యాదగా చీలదు. చీల్చినా, పైపొరలో డోపింగ్ లోపలి కన్నా ఎక్కువైపోతుంది. స్ట్రాన్షియం రుథనేట్ అనే మరో అతివాహకంలో ఉపరితలపు అణువుల అమరిక కాస్త మెలి తిరిగి అదనపు గీతలు కనబడేవి. దాని ఫెర్మి ఉపరితలం (ఎలక్ట్రాన్లు నిండిన, నిండని స్థితుల మధ్య హద్దు) మీద అయోమయం 2000 దాకా నడిచింది. బిస్మత్ 2212 కూడా పూర్తిగా అమాయకమేమీ కాదు. దాని అలల అమరిక వల్ల అసలు గీతకు నకళ్లు పక్కన పడతాయి, కొత్తవాళ్లు వాటిని కొత్త బ్యాండ్లు అనుకునే ప్రమాదముంది. నా దృష్టిలో ఆర్పెస్ పేపర్ చేతికొస్తే మొదట చూడాల్సింది ఏ పొర దగ్గర చీల్చారన్నదే. గ్రాఫులు ఆ తర్వాత.

కాంతి విషయానికొస్తే, రోజువారీ పనికి హీలియం దీపం నాకు నచ్చింది. 21.2 ఎలక్ట్రాన్ వోల్టులు, నిలకడగా వస్తుంది. 6 ఎలక్ట్రాన్ వోల్టుల లేజర్ గీతలు ఎంతో సన్నగా, కళ్లకద్దుకునేలా ఉంటాయి. కానీ అందులో 4 పైచిలుకు పని ప్రమేయానికే, అంటే ఎలక్ట్రాన్‌ను బయటికి లాగడానికే, పోతుంది. మిగిలిన శక్తి వర్గమూలాన్ని 0.512తో గుణిస్తే ద్రవ్యవేగం (ఆంగ్‌స్ట్రామ్‌కు ఇంత అనే కొలతలో) 0.7 లోపే ఆగిపోతుంది. గ్యాప్ గరిష్ఠంగా ఉండే చోటు 0.82 దగ్గరుంది. అంటే లేజర్ అక్కడికి చేరనే చేరదు! ఇనుము సూపర్ కండక్టర్లకైతే సింక్రోట్రాన్ (శక్తిని, ధ్రువణాన్ని మార్చుకోగల కాంతినిచ్చే పెద్ద యంత్రం) ఉంటే చాలా మేలు. 2008లో హొసోనో బృందం 26 కెల్విన్ల దగ్గర మొదలుపెట్టిన ఈ కుటుంబంలో ఐదారు బ్యాండ్లు ఒకదాని మీద ఒకటి పడతాయి. కాంతి ధ్రువణాన్ని మార్చి చూస్తేనే ఏది ఏ ఆర్బిటాల్‌దో విడివడుతుంది. మన దేశంలో ఇండోర్‌లోని ఇండస్-2 సింక్రోట్రాన్ దగ్గర ఆర్పెస్ బీమ్‌లైన్ ఉంది.

కష్టాలు క్లుప్తంగా. ఛాంబర్ ఒకసారి తెరిస్తే, అల్యూమినియం ఫాయిల్ చుట్టి రోజుల తరబడి వేడి చేస్తూ ఉంచాలి. బీమ్ టైమ్ (సింక్రోట్రాన్ దగ్గర మనకు కేటాయించే సమయం) అంటే రాత్రీ పగలూ ఒకటే. కరెంటు పోయి పంపులు ఆగితే టెన్షన్ మామూలుగా ఉండదు. అయస్కాంత క్షేత్రం పెడితే ఎలక్ట్రాన్ దారి వంగిపోతుంది కాబట్టి ఆ ప్రయోగాలు దాదాపు మరిచిపోవాల్సిందే. పీడనం కింద కూడా కుదరదు. 2015లో 203 కెల్విన్ల దగ్గర అతివాహకత చూపిన హైడ్రోజన్ సల్ఫైడ్ వజ్రాల మధ్య నలుగుతూ ఉంటుంది, అక్కణ్నుంచి ఎలక్ట్రాన్ బయటికి రాదు.

నేనైతే ఐదుకు నాలుగిస్తాను. ఓపిక, చేతి పని మీద ఇష్టం ఉన్నవాళ్లు నిస్సంకోచంగా తీసుకోవచ్చు. సిద్ధాంతం మాత్రమే ఇష్టమైతే వద్దు. ల్యాబ్ ఎంచుకునేటప్పుడు ఎనలైజర్ (ఎలక్ట్రాన్ల శక్తి, కోణం కొలిచే పరికరం) ఎంత ఖరీదైనదో అడగకండి. స్ఫటికాలు ఎవరు పెంచుతున్నారో, గ్యాప్ కొలిచిన ప్రతిసారీ బంగారం మీద ఫెర్మి అంచు (శక్తిని లెక్కించే సున్నా గీత) సరిచూస్తున్నారో లేదో అడగండి. పెంచేవాళ్లు పక్క గదిలోనే ఉన్న ల్యాబ్ దొరికితే, ఫెలోషిప్ కాస్త ఆలస్యమైనా సరే, అక్కడే చేరండి.