మ్యాపు సరిచూడటం: ఉపగ్రహ చిత్రంతోనా, వీధుల్లో తిరిగా?

బెంగళూరు మారతహళ్లిలో ఉండే తెలుగువాళ్లం కొందరం, ఎవరైనా సరిదిద్దగల ఉచిత ఆన్‌లైన్ మ్యాపు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో మా చుట్టుపక్కల వీధులు సరిచూస్తూ ఈ రెండు పద్ధతులూ వాడాం.

ఉపగ్రహ చిత్రంతో పని వేగంగా సాగుతుంది. ఏ రోడ్డు గీయకుండా మిగిలిపోయింది, బెళ్లందూరు చెరువు గట్టు ఎటు తిరిగింది, ఇంట్లో కూర్చునే చూడొచ్చు. కానీ చిత్రం పాతది కావచ్చు, కొన్ని మీటర్లు పక్కకు జరిగి ఉండొచ్చు.

నడిచి చూడటానికి వారాలు పడుతుంది. అయినా నా ఓటు దీనికే. వీధి పేరు, వన్‌వే, మూతపడిన మందుల షాపు, కొత్తగా పెట్టిన గేటు పైనుంచి తెలియవు. పేర్లు మాత్రం అక్కడి కన్నడ బోర్డు చూసే రాయాలి, మనం పలికినట్టు కాదు. ఫోన్ జీపీఎస్‌ను మరీ నమ్మకండి: ఆరుబయట సుమారు 5 మీటర్ల తేడా మామూలే, ఎత్తైన అపార్ట్‌మెంట్ల మధ్య ఇంకా ఎక్కువ.

ఎలా చూసినా, చూసింది రాసిపెట్టాలి. మ్యాపు సమాచారం నాణ్యతకు సంబంధించిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 19157లో సంపూర్ణత (ఏదీ వదిలిపోకపోవడం) వేరు, స్థానం కచ్చితత్వం వేరు, సమాచారం ఏ కాలానిదన్నది వేరు. కాబట్టి ‘మ్యాపు బాగుంది’ అని వదిలేయకూడదు. ‘50 వీధులు నడిచి చూశాం, 4 మ్యాపులో లేవు, 3 పేర్లు తప్పు’ అని తేదీతో సహా రాస్తే, తర్వాత వచ్చేవాళ్లు అక్కడి నుంచే మొదలుపెడతారు.