ఆర్కిటిక్ మంకీస్ సౌండు ఎక్కడ మారింది? ఒకసారి డ్రమ్స్ వినండి

ఇంగ్లండ్ రాక్ బ్యాండు ఆర్కిటిక్ మంకీస్ పేరెత్తితే వాదన ఎప్పుడూ గిటార్ దగ్గరే మొదలై అక్కడే ముగుస్తుంది. 2006లో గిటార్ల జోరు ఉండేది, 2018కి పియానో వచ్చింది, మధ్యలో ఏదో పోయింది అంటుంది ఒక వర్గం. పోలేదు, ఎదిగారు అంటుంది ఇంకో వర్గం. ఏడు ఆల్బంలూ ఏళ్ల తరబడి వింటూ వచ్చాక నాకు తేలిందేమిటంటే, ఈ బ్యాండు సౌండు అసలు మారింది మ్యాట్ హెల్డర్స్ డ్రమ్స్ దగ్గర. స్నేర్ మీద, అంటే డ్రమ్ సెట్టులో పదునుగా పలికే డ్రమ్ మీద, ఒక దెబ్బ పడి ఇంకో దెబ్బ పడేలోపు మన చెవికి ఏం వినిపిస్తుందన్నదే తేడా. ఆ ఖాళీని మొదటిసారి ధైర్యంగా వదిలిన ఆల్బం 2009 నాటి 'హంబగ్'. ఈ సమీక్షలో ఎక్కువ భాగం దాని గురించే. దాని మీద నాకున్న ఇష్టాన్ని దాచుకోవడం లేదు.

ముందు వేగం లెక్క చూద్దాం. తొలి ఆల్బంలో అందరికీ తెలిసిన 'ఐ బెట్ యూ లుక్ గుడ్ ఆన్ ద డాన్స్‌ఫ్లోర్' నిమిషానికి 103 బీట్లు. అంటే బీటుకూ బీటుకూ మధ్య 0.58 సెకను. రెండో ఆల్బం మొదలయ్యే 'బ్రయాన్‌స్టార్మ్' సుమారు 165. అక్కడ బీటుకు 0.36 సెకను, దాన్ని నాలుగు ముక్కలు చేస్తే ఒక్కో దెబ్బకు దక్కేది 0.09 సెకను. మామూలు గదిలో స్నేర్ మోత పూర్తిగా అణగడానికి 0.3 నుంచి 0.5 సెకను పడుతుంది. అది అణిగేలోపే ఆ పాటలో మరో మూడు, నాలుగు దెబ్బలు వచ్చి మీద పడతాయి. అందుకే అంత వేగంగా వాయించే బ్యాండును రికార్డు చేసేవాళ్లు గది శబ్దాన్ని వీలైనంత తగ్గిస్తారు. మైకును డ్రమ్ చర్మానికి రెండు, మూడు అంగుళాల దూరంలో పెడతారు, లేకపోతే అంతా కలగాపులగం అవుతుంది. తొలి రెండు ఆల్బంల డ్రమ్స్ పొడిగా, మొహం మీద కొట్టినట్టు ఉండటానికి ఈ లెక్క కూడా ఒక కారణం. కుర్రతనం ఒక్కటే కాదు.

ఇప్పుడు 2013 నాటి 'ఏఎమ్' తీసుకోండి. 'డూ ఐ వానా నో?' నిమిషానికి 85. బీటుకు 0.7 సెకను. మోత పుట్టి, విరిసి, అణిగిపోయాక కూడా కాస్త నిశ్శబ్దం మిగులుతుంది. వేగం తగ్గితే గది వినిపిస్తుంది, గది వినిపిస్తే డ్రమ్ పెద్దదవుతుంది. ఇదంతా 'ఏఎమ్'తో మొదలైందని చాలామంది అనుకుంటారు. నాలుగేళ్ల ముందే 'హంబగ్'లో జరిగిపోయింది.

ఆ ఆల్బంలో ఎక్కువ పాటలను క్వీన్స్ ఆఫ్ ద స్టోన్ ఏజ్ బ్యాండు నాయకుడు జాష్ హామీ చూసుకున్నాడు, కాలిఫోర్నియా ఎడారిలో జాషువా ట్రీ దగ్గరున్న రాంచో డి లా లూనాలో. అది స్టూడియోగా మార్చుకున్న ఒక ఇల్లు. మిగిలిన పాటలు న్యూయార్క్ బ్రూక్లిన్‌లో ప్రొడ్యూసర్ జేమ్స్ ఫోర్డ్ చేతి మీదుగా జరిగాయి. రెండో ఆల్బం నుంచి ఏడో ఆల్బం దాకా ప్రతిదానిలోనూ ఫోర్డ్ చెయ్యి ఉంది. కాబట్టి 'ప్రొడ్యూసర్ మారాడు, సౌండు మారింది' అనే తేలిక జవాబు ఇక్కడ పనికిరాదు. మనిషి అతనే, డ్రమ్ మాత్రం ఆల్బం ఆల్బంకీ వేరు.

'హంబగ్' వచ్చిన కొత్తలో విన్న ఫిర్యాదు ఒకటుంది: నీరసంగా ఉంది, కసి తగ్గింది అని. ఇప్పటికీ అంటారు. ఆ మాటలో కొంత నిజం ఉంది గానీ, చాలా భాగం వాల్యూమ్ చేసే మోసం. తొలి ఆల్బం మాస్టరింగ్, అంటే విడుదలకు ముందు చేసే చివరి సవరణ, విపరీతంగా బిగించి చేసింది: గట్టి, మెత్తటి శబ్దాల మధ్య తేడా తగ్గించి మొత్తం శబ్దం పెంచారు. ఏ పాటనైనా ఆడియో ఎడిటర్‌లో తెరిచి చూడండి, తరంగం కొసలు కత్తిరించినట్టు సమంగా కనిపిస్తాయి. అలా బిగించిన పాట పక్కన ఇంకో పాట పెడితే మొదటిదే హుషారుగా అనిపిస్తుంది. రెండు పాటల మధ్య ఒక్క డెసిబెల్ తేడా ఉన్నా చెవి దాన్ని 'ఎక్కువ శబ్దం' అని గుర్తించదు, 'ఎక్కువ బాగుంది' అని పొరబడుతుంది. ఆల్బంలు పోల్చేవాళ్లు ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడే.

దీన్ని సరిచేయడం కష్టమేమీ కాదు. కుదింపులో నాణ్యత పోని ఫైళ్లు, అంటే సీడీ నుంచి తీసినవో ఫ్లాక్‌వో, తీసుకోండి. ఒక్కో ఆల్బం నుంచి డ్రమ్స్ బాగా నడిచే పాట ఒకటి ఎంచుకుని అందులో పల్లవి వచ్చే 30 సెకన్ల ముక్క కత్తిరించండి. ఆడాసిటీ అనే ఆడియో ఎడిటర్‌లో 'లౌడ్‌నెస్ నార్మలైజేషన్' అనే ఎఫెక్ట్ ఉంది. అన్ని ముక్కలకూ ఒకే అంకె ఇవ్వండి, మైనస్ 18 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి తోచే గట్టితనాన్ని కొలిచే ప్రమాణం) సరిపోతుంది. మైనస్ 14 ఇస్తే బిగించని పాటల్లో స్నేర్ కొసలు హద్దు దాటి చిట్లే ప్రమాదం ఉంది. మైనస్ 18 దగ్గర ఆ భయం దాదాపు ఉండదు, హెడ్‌ఫోన్ వాల్యూమ్ కాస్త పెంచుకుంటే చాలు. ఫూబార్ 2000 లాంటి ప్లేయర్‌లో పాటల గట్టితనాన్ని సమం చేసే రీప్లేగెయిన్ వాడినా ఇదే పని జరుగుతుంది. ముక్కలు పోల్చడానికి ట్రాక్ గెయిన్ పెట్టుకోండి. ఆల్బం మొత్తం వినేటప్పుడు మాత్రం ఆల్బం గెయిన్‌కి మార్చాలి, లేకపోతే మెత్తటి పాటలు కూడా గట్టి పాటలంత ఎత్తుకు లేచి ఆల్బం ఆకారమే పోతుంది.

స్ట్రీమింగ్‌లోనే పోలుస్తానంటే రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. స్పాటిఫై మామూలు సెట్టింగులో మైనస్ 14 దగ్గరికి తెస్తుంది. ఆల్బం వరసగా వింటే ఆల్బం మొత్తానికి ఒకే లెక్క, ప్లేలిస్టులో వేస్తే పాట పాటకూ వేరే లెక్క. అదే పాట రెండు చోట్ల రెండు రకాలుగా వినిపించిందంటే కారణం ఇదే కావచ్చు. యూట్యూబ్ గట్టి పాటను తగ్గిస్తుంది గానీ మెత్తటి పాటను పెంచదు. కాబట్టి అక్కడ పోలిక అసలు వద్దు.

ఇలా సమం చేసి విన్నప్పుడు జరిగేది నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. తొలి ఆల్బం డ్రమ్స్ ఒక్కసారిగా చిన్నవైపోతాయి. బిగింపులో స్నేర్ తొలి దెబ్బ పదును పోయి ఉంటుంది, వాల్యూమ్ ఆసరా తీసేయగానే ఆ లోటు బయటపడుతుంది. 'హంబగ్' డ్రమ్స్ మాత్రం ముందుకు నడిచొస్తాయి. టామ్‌ల (స్నేర్ కంటే లోతుగా మోగే డ్రమ్‌ల) అడుగున బరువు, స్నేర్ వెనక గోడ ఉన్నంత స్పష్టంగా గది. 'ప్రెటీ విజిటర్స్' ఒక్క పాట చాలు ఈ పరీక్షకు. చరణాలు ఊపిరి తిప్పుకోనివ్వనంత వేగం, పల్లవి దగ్గరికి రాగానే బరువుగా నెమ్మదిస్తుంది. అదే డ్రమ్ సెట్టు, అదే మనిషి. వేగంగా ఉన్నప్పుడు డ్రమ్స్ దగ్గరగా, నెమ్మదించగానే పెద్ద హాలులోకి వెళ్లినట్టుగా ఉంటాయి. ఇంతకు ముందు చెప్పిన 0.3 సెకన్ల లెక్క ఒకే పాటలో వినిపిస్తుంది.

ఇంకో పరీక్ష ఉంది, గదిని విడిగా వినడానికి. స్టీరియో ట్రాకును రెండు మోనో ట్రాకులుగా విడగొట్టి, ఒకదానికి 'ఇన్వర్ట్' కొట్టి, రెండూ కలిపి వినండి. రెండు వైపులా సమానంగా ఉన్నవన్నీ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. గాత్రం, కిక్ (కాలితో వాయించే పెద్ద డ్రమ్), బేస్, స్నేర్ అసలు దెబ్బ దాదాపు మాయమవుతాయి. మిగిలేది అటూ ఇటూ జరిపిన వాయిద్యాలు, ప్రతిధ్వని, గది. తొలి ఆల్బంలో ఇలా చేస్తే ప్రధానంగా మిగిలేవి గిటార్లే. 'హంబగ్'లో గిటార్లతో పాటు డ్రమ్స్ మోత, ఆర్గాన్, గాయకుడు, పాటల రచయిత అలెక్స్ టర్నర్ గొంతు చుట్టూ ఉన్న ప్రతిధ్వని దట్టంగా వినిపిస్తాయి. ఎంపీ3 ఫైలుతో ఈ పరీక్ష చేయొద్దు. రెండు చానెళ్ల మధ్య తేడాకు ఆ ఫార్మాట్ తక్కువ డేటా కేటాయిస్తుంది. నీళ్లలో మునిగినట్టు గరగరలాడే శబ్దం వస్తే అది కుదింపు లోపం, బ్యాండు తప్పు కాదు.

సొంతంగా ఇలాంటి డ్రమ్ సౌండు కోసం ప్రయత్నించేవాళ్లకు ఒక్క మాట. దగ్గరి మైకులు అలాగే ఉంచి, సెట్టుకు మూడు మీటర్ల దూరంలో ఒక మైకు పెట్టండి. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది, కాబట్టి ఆ మైకుకు దెబ్బ దాదాపు 9 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. గది పెద్దదని చెవికి చెప్పేది ఆ ఆలస్యం, దాని వెనక వచ్చే మోత. ఎడిటర్‌లో ఆ ట్రాకును ముందుకు జరిపి సరిచేస్తే ఆ గుణం చాలావరకు పోతుంది, చాలామంది చేసే తప్పు అదే. దూరపు మైకును గట్టిగా కంప్రెస్ చేసి (గట్టి, మెత్తటి శబ్దాల తేడా తగ్గించి) కొద్దికొద్దిగా కలపండి. తాళాలు, అంటే సింబల్స్, గోలగా వస్తుంటే వాయించే మనిషి వాటిని మెల్లగా కొట్టాలి. మిక్సులో దానికి మందు లేదు.

మిగతా ఆల్బంల గురించి క్లుప్తంగా. 2011 నాటి 'సక్ ఇట్ అండ్ సీ' లాస్ ఏంజెలెస్‌లోని సౌండ్ సిటీలో చేశారు. డ్రమ్స్ రికార్డింగుకు పేరు మోసిన గది అది. అందరూ కలిసి వాయించిన వెలుతురు పాటల్లో ఉంది గానీ, డ్రమ్స్‌లో కొత్త ఆలోచన నాకు దొరకలేదు. 'ఏఎమ్'లో రాస్ ఆర్టన్ సహ ప్రొడ్యూసర్. అక్కడ స్నేర్ హిప్‌హాప్ పాటల చప్పట్ల దెబ్బకు దగ్గరగా వెళ్లింది, గదిని అవసరమైనంతే ఉంచారు. హెల్డర్స్ పైస్థాయిలో పాడిన వంతపాటలు ఆ ఖాళీల్లో కూర్చున్నాయి. డ్రమ్ నెమ్మదిగా లేకపోతే వాటికి చోటే ఉండేది కాదు. 2018 నాటి 'ట్రాంక్విలిటీ బేస్ హోటెల్ అండ్ కసీనో' గురించి పియానో అని అందరూ అన్నారు, అది కనిపించే మార్పు. పారిస్ దగ్గర లా ఫ్రెట్ అనే పాత భవనంలో చేసిన ఆ ఆల్బంలో డ్రమ్స్ మళ్లీ పొడిబారాయి. అయితే ఈ పొడితనం 2006 నాటిది కాదు. మెత్తగా, అణచిపెట్టినట్టు, గొంతు వెనక నిలబడి ఉంటాయి. 2022 నాటి 'ద కార్'లో తీగవాద్యాలు ముందుకొచ్చి డ్రమ్స్ ఇంకా వెనక్కి వెళ్లాయి. ఆ ఆల్బంలో కొంత భాగం ఇంగ్లండ్ సఫోక్‌లోని బట్లీ ప్రయరీలో చేశారు. అది మధ్యయుగాల నాటి కట్టడం. అంత ఎత్తు పైకప్పు దొరికినా డ్రమ్స్‌ను అందులో మోగనివ్వకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఆల్బం ఆల్బంకీ అంతా మారిపోయిందని దీన్నిబట్టి అనుకోవద్దు. టర్నర్ మాటలు బీటు మీద ఎక్కడ పడతాయో గమనించండి. వాక్యాన్ని బీటు దాటించి, ఆఖరి మాటను తర్వాతి తాళ ఆవృత్తంలోకి తోసే అలవాటు 2006లోనూ ఉంది, 2022లోనూ ఉంది. గొంతు కిందికి దిగింది, సొంతూరు షెఫీల్డ్ యాస పలచబడింది, పైస్థాయి గొంతు వచ్చి చేరింది, ఆ నడక మాత్రం అలాగే ఉంది. హెల్డర్స్ చేతిలోనూ పాత గుర్తు ఒకటి మిగిలింది. పాట మలుపు దగ్గర టామ్‌ల మీద దొర్లించే వాయింపు నెమ్మది పాటల్లో కూడా అప్పుడప్పుడు తలెత్తుతుంది. అది వచ్చిన ప్రతిసారీ నాకు సంతోషమే.

'హంబగ్'ను ఇంత మెచ్చుకున్నాక దాని లోపాలు చెప్పకపోతే అన్యాయం. ఆ గది మోత అంతా కింది స్థాయిలో, సుమారు 150 నుంచి 400 హెర్ట్జ్ మధ్య పోగుపడుతుంది. బేస్ గిటార్, టామ్‌లు, టర్నర్ కింది గొంతు అన్నీ అక్కడే. ఫోన్ స్పీకర్‌లోనో చిన్న బ్లూటూత్ స్పీకర్‌లోనో వింటే ఇవన్నీ కలిసి ముద్దగా తయారవుతాయి. నీరసంగా ఉందన్నవాళ్లు అలాంటి వాటిలో వినుంటే తప్పు వాళ్లది కాదు. 250 హెర్ట్జ్ దగ్గర రెండు, మూడు డెసిబెల్స్ తగ్గిస్తే చాలావరకు విడిపోతుంది. అంతకు మించి తగ్గిస్తే టామ్‌ల బరువు కూడా పోతుంది, అప్పుడు ఈ ఆల్బం వినడంలో అర్థం లేదు. ఇంకొకటి, గాత్రం మీద ప్రతిధ్వని కొన్నిచోట్ల అతిగా ఉంది. మాటలు అందడానికి రెండుసార్లు వినాల్సి వస్తుంది. టర్నర్ లాంటి రచయిత విషయంలో ఇది చిన్న నష్టం కాదు.

నేను వినేది ఎక్కువగా చెవులు పూర్తిగా మూసే హెడ్‌ఫోన్స్‌లో, తక్కువ వాల్యూమ్‌లో, ఆల్బం మొదటినుంచి చివరిదాకా. అలా వినేవాళ్లకు 'హంబగ్' ఈ బ్యాండు ఆల్బంలలో అన్నిటికంటే ఎక్కువ ఇస్తుందని నా నమ్మకం. ప్రయాణంలో, నలుగురి మధ్య, స్పీకర్లో వినేవాళ్లకు 'ఏఎమ్' మేలు. ఆ మిక్సు ఎక్కడ పెట్టినా నిలబడుతుంది. తొలి ఆల్బం మాత్రం గట్టిగా పెట్టుకునే వినాలి, వాల్యూమ్ సమం చేసి కాదు. దాన్ని అలా వినడానికే అంతగా బిగించారు.