వాష్ బేసిన్ ట్యాప్ మీరే మార్చుకుంటున్నారా? ఇత్తడి, ప్లాస్టిక్, స్టీలు... ఏది మేలు?

ట్యాప్ ఎలా విప్పాలి, ఎలా బిగించాలి అని ఇప్పుడెవరూ అడగడం లేదు. వీడియోలు చూసి అందరూ నేర్చేసుకున్నారు. అడిగేదల్లా ఒకటే ప్రశ్న. శానిటరీ షాపుకి వెళ్తే అతను కౌంటర్ మీద మూడు రకాలు పెడతాడు, రెండు మూడొందల్లో ప్లాస్టిక్‌ది, ఐదారొందల్లో స్టీలుది, వెయ్యి పైన ఇత్తడిది. ఏది తీసుకోమంటారు? మొన్నే మా ఇంట్లో కూడా బేసిన్ ట్యాప్ మార్చాల్సి వచ్చి ఈ మూడింటి మధ్యా తర్జనభర్జన పడ్డాను కాబట్టి ఒకసారి కూర్చుని రాసేస్తున్నా.

నా మాట ముందే చెప్పేస్తాను. ట్యాప్ దేంతో చేశారన్నది రెండో సంగతి. దాని స్పిండిల్, అంటే హ్యాండిల్ కింద ఉండి నీళ్ళని తెరిచి మూసే లోపలి భాగం, మీ వీధి చివరి షాపులో విడిగా దొరుకుతుందా లేదా అన్నది మొదటి సంగతి. ఎందుకంటే మన ఇళ్ళల్లో ట్యాప్ పోయింది అంటే చాలావరకు పోయేది బాడీ కాదు, లోపలి స్పిండిల్.

ఇప్పుడు వచ్చే ట్యాపులన్నీ దాదాపు క్వార్టర్ టర్న్‌వే, అంటే పావు తిప్పు తిప్పితే నీళ్ళు వస్తాయి. వీటి స్పిండిల్‌లో రెండు సిరామిక్ బిళ్ళలు ఒకదాని మీద ఒకటి జారుతూ ఉంటాయి, రెండింటి రంధ్రాలూ కలిస్తే నీళ్ళు, తప్పుకుంటే బంద్. ఆ బిళ్ళలు చాలా నున్నగా, ఒకదానికొకటి అతుక్కున్నట్టు ఉండటం వల్లే చుక్క కారదు. మంచినీళ్ళు మాత్రమే వచ్చే ఇంట్లో ఇవి ఏళ్ళ తరబడి నడుస్తాయి. కానీ బోరు నీళ్ళు, ట్యాంకర్ నీళ్ళు వచ్చే ఇంట్లో కథ వేరు. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కాఠిన్యం, అంటే నీళ్ళలో కరిగిన సున్నం లాంటి లవణాల మోతాదు, లీటరుకి 200 మిల్లీగ్రాములు దాటకూడదు, వేరే దారి లేకపోతే 600 వరకు సరే అంటారు. హైదరాబాద్ శివారుల్లో గానీ, రాయలసీమలో గానీ ఎన్నో బోర్లకి ఆ మొదటి లెక్కతో సంబంధమే ఉండదు. పరీక్ష కూడా అక్కర్లేదు, బకెట్ అంచుకి తెల్లటి సున్నం పేరుకుంటోందా, గీజర్ రాడ్ మీద పెంకు కడుతోందా చూస్తే చాలు. అదే సున్నం ఆ బిళ్ళల చుట్టూ కూడా పడుతుంది. ముందు హ్యాండిల్ బిగుసుకుంటుంది, మనం గట్టిగా తిప్పుతాం, ఆ తర్వాత కారడం మొదలవుతుంది. బోర్లో సన్న ఇసుక వస్తుంటే ఇంకా తొందరగా, ఎందుకంటే ఒక్క రేణువు ఆ నున్నటి బిళ్ళల మధ్య గీత పెట్టినా నీళ్ళకి దారి దొరికినట్టే.

అప్పుడు ఏం చేయాలి? మొత్తం ట్యాప్ మార్చక్కర్లేదు, స్పిండిల్ ఒక్కటి మారిస్తే సరిపోతుంది. అసలు తిప్పలు ఇక్కడే. హ్యాండిల్ తీసి చూస్తే స్పిండిల్ తల చుట్టూ సన్నటి పళ్ళుంటాయి, హ్యాండిల్ వాటి మీదే కూర్చుంటుంది. ఈ పళ్ళు కొన్నిటికి ఇరవై, కొన్నిటికి ఇరవై నాలుగు, స్పిండిల్ పొడవు కూడా కంపెనీకో రకం. చూడ్డానికి అన్నీ ఒకేలా ఉంటాయి, ఇంటికి తెచ్చి పెడితే హ్యాండిల్ కూర్చోదు, లేదా కూర్చున్నా ఊరికే గిర్రున తిరుగుతుంది. షాపతను 'అన్నీ ఒకటే సార్, పడుతుంది' అంటాడు. పడదు. ఏ కంపెనీ ట్యాపుకి ఆ కంపెనీ స్పిండిలే, ఒక్కోసారి ఆ మోడల్‌దే కావాలి. అందుకే ట్యాప్ కొనేటప్పుడు గ్యారంటీ ఎన్నేళ్ళు అని కాదు, 'దీని స్పిండిల్ విడిగా ఉందా, ఒకటి తీసి చూపించండి' అని అడగాలి. చూపిస్తే కొనండి. తెప్పిస్తాను అన్నాడా, వేరే మోడల్ చూడండి.

ఈ లెక్కలో ఇత్తడిదే గెలుస్తుంది, నేనూ అదే తీసుకున్నాను. పేరున్న కంపెనీల ఇత్తడి పిల్లర్ కాక్‌లకి (బేసిన్ మీద నిలబడే ట్యాపుని షాపులో అలా అంటారు), అదీ మామూలు మోడళ్ళకి, స్పిండిళ్ళు ప్రతి చిన్న టౌన్‌లోనూ దొరుకుతాయి. బాడీ గట్టిది కాబట్టి రెండు మూడు స్పిండిళ్ళు మార్చినా ట్యాప్ అలాగే ఉంటుంది. ట్యాప్‌ని బేసిన్‌కి కింద నుంచి పట్టి ఉంచే చెక్ నట్‌ని పానాతో బిగించినా మర చెడదు. కొత్తగా చేయి పెట్టేవాళ్ళకి ఇది చిన్న విషయం కాదు.

కాకపోతే ఇత్తడి అని చెప్పి అమ్మేవన్నీ ఇత్తడివి కావు. పైన క్రోమ్ పూత ఉంటుంది కాబట్టి జింక్‌తో పోత పోసినదీ అలాగే తళతళలాడుతుంది. చాలామంది అయస్కాంతం పట్టుకెళ్తారు, దాంతో ఇక్కడ పని జరగదు, ఇత్తడికీ అంటదు, జింక్‌కీ అంటదు. ట్యాప్ తలకిందులు చేసి, కింద నీళ్ళు ఎక్కే మర ఉన్న గొట్టం లోపలికి ఫోన్ లైట్ వేసి చూడండి. లోపల పూత సరిగ్గా అంటదు, పసుపుపచ్చగా కనబడితే ఇత్తడి, బూడిద రంగులో ఉంటే దాన్ని కౌంటర్ మీదే వదిలేసి రండి. హ్యాండిల్ మాత్రం మంచి కంపెనీల్లోనూ జింక్‌ది ఉండొచ్చు, అందులో నీళ్ళు తిరగవు కాబట్టి పర్వాలేదు. ప్యాకెట్ మీద ఐఎస్ఐ గుర్తు పక్కన ఐఎస్ 8931 అని ఉందేమో చూసుకోండి.

ఇత్తడికి శత్రువు మన బాత్‌రూమ్ యాసిడ్. టాయిలెట్ కడిగే యాసిడ్ ట్యాప్ మీద పోయనక్కర్లేదు, తలుపు మూసి గదిలో వాడినా ఆ ఆవిరికే క్రోమ్ మీద నల్లటి చుక్కలు లేస్తాయి. పనమ్మాయికి ఈ ఒక్క మాట చెప్పి పెట్టుకోండి.

ఇక ప్లాస్టిక్. దీన్ని తీసిపారేసేవాళ్ళతో నేను ఒప్పుకోను. ఇప్పుడు వచ్చే పీటీఎంటీ (ఒక రకం గట్టి ప్లాస్టిక్) ట్యాపులు ఒకప్పటి నాసిరకం ప్లాస్టిక్ కావు, వాటికీ ఐఎస్ 9763 అని ప్రమాణం ఉంది. తుప్పు ఊసే లేదు. వైజాగ్‌లోనో కాకినాడలోనో సముద్రానికి దగ్గర్లో ఉన్న ఇళ్ళల్లో ఉప్పుగాలికి క్రోమ్ పొక్కులు లేస్తుంటే ఇవి మాత్రం తెల్లగా అలాగే ఉంటాయి. అద్దె ఇంట్లో ఉన్నవాళ్ళకి కళ్ళు మూసుకుని ఇదే చెప్తాను, ఖాళీ చేసేటప్పుడు ఓనర్‌కి వదిలేసినా బాధ ఉండదు. పెరట్లో, గేటు పక్కన అయితే ఇంకో లాభం, ఇత్తడిది రాత్రికి రాత్రి మాయమయ్యే అవకాశం ఉంది, దీన్ని దొంగ కూడా ముట్టుకోడు.

మరి మా బేసిన్‌కి ఎందుకు తీసుకోలేదు? రోజుకి ఇంట్లో అందరూ పదిసార్లు తిప్పే చోటు అది. తేలిగ్గా ఉండటంతో కొన్నాళ్ళకి బేసిన్ రంధ్రంలో అటూ ఇటూ ఊగడం మొదలుపెడుతుంది. ఊగుతోందని కింద చెక్ నట్ ఇంకాస్త బిగిస్తాం, ప్లాస్టిక్ మర కాబట్టి అది జారిపోతుంది లేదా గొట్టం పగులుతుంది. వీటిని చేత్తో బిగించి, చివర్లో పానాతో కొద్దిగా మాత్రమే తిప్పాలి, ట్యాప్‌కి కింద నుంచి నీళ్ళు తెచ్చే కనెక్షన్ పైపు నట్ కూడా అంతే. ఇక స్పిండిల్ పోయిందంటే చాలాసార్లు విడిగా దొరకదు, దొరికినా కొత్త ట్యాప్ ధరకి దానికీ పెద్ద తేడా ఉండదు, మొత్తం మార్చేయడమే. మొదటిసారి మార్చుకున్నవాళ్ళకి సరదాగానే ఉంటుంది, ప్రతిసారీ బేసిన్ కింద మెడ వంచుకుని పడుకోవడం మాత్రం నా వల్ల కాదు.

స్టీలు గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. 304 గ్రేడ్, అంటే తుప్పుని బాగా తట్టుకునే రకం స్టీలు, అయితే మంచిదే. కానీ అది నిజంగా 304యేనా అన్నది మీరు షాపులో తేల్చలేరు, తక్కువ రకం 202 కూడా మామూలుగా అయస్కాంతానికి అంటదు. స్పిండిల్ ఏ కంపెనీదో కూడా తెలియదు. చూడ్డానికి బాగుందని కొనేవాళ్ళని ఆపను.

ఒకటి మాత్రం షాపులవాళ్ళు చూపించరు, మీరే అడగాలి. పాతకాలం వాషర్ ట్యాప్. మూడు నాలుగు సార్లు తిప్పితే గానీ తెరుచుకోదు, చాదస్తంగా ఉంటుంది నిజమే. కానీ మీ బోర్లో ఇసుక వస్తుంటే నాకు ఇదే నయమనిపిస్తుంది. ఇందులో బిళ్ళలు ఉండవు, నీళ్ళని ఆపేది రబ్బరు వాషరే, ఇసుక రేణువు కోసినా దాన్నే కోస్తుంది, వాషర్ ఏ హార్డ్‌వేర్ షాపులోనైనా చిల్లర డబ్బులకి దొరుకుతుంది, అన్నిటికీ దాదాపు ఒకటే సైజు. ఇంట్లో పిల్లలకీ పెద్దవాళ్ళకీ గట్టిగా బిగించొద్దని చెప్పాలి, అంతే.

వేడినీళ్ళ మిక్సర్ పెట్టుకోవచ్చా అని కూడా అడుగుతున్నారు. మీ ఇల్లు పై అంతస్తు అయితే వద్దు. నీళ్ళ మట్టం ట్యాప్ కన్నా ఎన్ని మీటర్లు ఎత్తుంటే మీటరుకి 0.1 బార్ చొప్పున ప్రెషర్ వస్తుంది. స్లాబ్ మీది ట్యాంక్‌లో నీళ్ళు బేసిన్‌కి రెండు మూడు మీటర్ల ఎత్తులో ఉంటాయి, అంటే 0.2, 0.3 బార్. ఒకే హ్యాండిల్‌తో చన్నీళ్ళూ వేడినీళ్ళూ కలిపే సింగిల్ లివర్ మిక్సర్లు చాలావరకు ఇంతకన్నా ఎక్కువ ప్రెషర్‌కి తయారుచేసినవి, అక్కడ సన్నటి ధారే దిక్కు. ఇదే కారణంగా మామూలు ట్యాప్‌కి కూడా మూతి దగ్గర ఫోమ్ ఫ్లో జల్లెడ (నీళ్ళలో గాలి కలిపి నురగలా వదిలేది) ఉంటే, పై అంతస్తువాళ్ళు విప్పదీయడానికి వీలున్నదే తీసుకోండి, సున్నం పట్టినప్పుడు తీసి నిమ్మరసంలో కాసేపు వేస్తే శుభ్రపడుతుంది. సెన్సర్ ట్యాపులు ఇంటికి అనవసరం.

ఏది కొన్నా ముందు ఒక పని చేయండి. బేసిన్ కింద గోడకి ఉన్న యాంగిల్ కాక్ (బేసిన్‌కి వచ్చే నీళ్ళని కట్టేసే చిన్న వాల్వ్) తిప్పి, పై ట్యాప్‌లో నీళ్ళు పూర్తిగా ఆగుతున్నాయో లేదో చూడండి. ఆగితే మిగతాదంతా మీరు చేసుకోగలిగిన పనే. ఆగకపోతే ట్యాంక్ దగ్గర వాల్వ్ కట్టేసి చేయొచ్చు గానీ, పట్టేసిన యాంగిల్ కాక్‌ని మాత్రం బలవంతంగా విప్పొద్దు, గోడలో ఉన్న పాత జీఐ (జింక్ పూత ఇనుము) పైపు మర తుప్పుపట్టి ఉంటే దాంతోపాటే ఊడి వస్తుంది, తర్వాత టైల్స్ పగలగొట్టాల్సిందే. అక్కడ ప్లంబర్‌ని పిలవడమే మంచిది.

పాతది విప్పాక కొత్తది బిగించే ముందు కనెక్షన్ పైపు కొసని బకెట్‌లో పెట్టి యాంగిల్ కాక్ కాసేపు తెరవండి, లైన్లో ఉన్న చెత్త, తుప్పు, ఇసుక అందులోకి వచ్చేస్తాయి, లేకపోతే మొదటి రోజే అవి కొత్త స్పిండిల్‌లోకి పోతాయి. పాత కనెక్షన్ పైపు రబ్బరు గట్టిపడి ఉంటే అదీ మార్చేయండి, 18 అంగుళాలదో 24దో ముందే కొలుచుకుని వెళ్ళండి. దాని నట్‌లో రబ్బరు వాషర్ ఉంటుంది కాబట్టి ఆ మరకి టెఫ్లాన్ టేప్ చుట్టాల్సిన పని లేదు.

బోరు నీళ్ళే అయితే బిల్లు వేయించేటప్పుడే అదే మోడల్ స్పిండిల్ ఒకటి అదనంగా తీసుకుని బేసిన్ కింద కవర్లో కట్టి పెట్టుకోండి. మోడళ్ళు మారుతూ ఉంటాయి, అవసరం పడేనాటికి అది షాపులో ఉండకపోవచ్చు.