అండర్‌గ్లేజ్ పెన్సిల్: రెండేళ్లు వాడాక

ముందు తీర్పు. మట్టిపాత్రల మీద, గ్లేజ్ (కాల్చితే గాజులా మారే పూత) కింద బొమ్మ గీసే ఈ పెన్సిళ్లలో నలుపు ఒక్కటి కొనుక్కోండి, రంగుల పెట్టె జోలికి పోకండి. ఆ నలుపైనా గ్లేజ్ వేసే పద్ధతి చేతికొచ్చాకే పనికొస్తుంది. పెన్సిల్ బాగోలేదని వినపడే ఫిర్యాదుల్లో సగం నిజానికి గ్లేజ్ బ్రష్ మీద చేయాల్సినవి.

ఇందులో గ్రాఫైట్ ఉండదు. కిల్న్ (మట్టిని కాల్చే కొలిమి) వేడికి తట్టుకునే రంగుపొడి, కాస్త మట్టి, బంక కలిపి ములుకుగా చేసి చెక్కలో బిగిస్తారు. మామూలు పెన్సిల్‌ది కర్బనం కాబట్టి కిల్న్‌లో కాలి మాయమవుతుంది. దీనిది లోహాల ఆక్సైడ్ కాబట్టి నిలుస్తుంది. ఈ తేడా ఒక సదుపాయం కూడా. చిత్తు బొమ్మ మామూలు హెచ్‌బీతో ఎన్నిసార్లయినా గీసి, నచ్చిన గీత మీద మాత్రమే దీన్ని నడిపిస్తే చాలు, తుడిచే పని లేదు.

ములుకు మెత్తన, పైగా పెళుసు. మరలో పెట్టి చెక్కితే మొన వచ్చినట్టే వచ్చి విరుగుతుంది. ఒక్కసారి కింద పడిందంటే లోపల మూడు చోట్ల విరిగి, ఆ తర్వాత ఎన్నిసార్లు చెక్కినా ముక్కలే రాలతాయి. కత్తితో చెక్కను ఒకటిన్నర సెంటీమీటర్ల మేర తీసేసి, ములుకును 220 నంబరు ఉప్పుకాగితం మీద దొర్లిస్తూ మొన తేవడం ఒక్కటే నమ్మకమైన దారి. రాలిన పొడిని పారేయొద్దు, మూత ఉన్న చిన్న డబ్బాలో దాచండి. దాని పని చివర్లో చెబుతాను. బిస్క్ మట్టి (గ్లేజ్ వేయకముందు ఒకసారి కాల్చిన మట్టి) మీద జానెడు గీత గీసేసరికి మొన మొద్దుబారుతుంది. సన్నగీతల బొమ్మయితే ఉప్పుకాగితం ముక్క పక్కనే ఉండాలి.

ఇక ఉపరితలం. రవ్వ (కాల్చి నూరిన మట్టి పలుకులు) కలిపిన శిల్పాల మట్టి మీద గీత గీతలా రాదు, చుక్కల వరసగా వస్తుంది. కారణం పెన్సిల్ కాదు, తడి స్పాంజి. పచ్చిగా ఉన్నప్పుడు నునుపు చేద్దామని స్పాంజితో తుడిస్తే సన్నమట్టి కొట్టుకుపోయి రవ్వ పైకి తేలుతుంది. మట్టి తోలులా గట్టిపడిన దశలో లోహపు రేకుతో ఒత్తి నునుపు చేయాలి, లేదంటే సన్నటి తెల్ల స్లిప్ (నీళ్లలో కలిపిన జారుమట్టి) రెండు పూతలు వేయాలి. బాగా ఎండినా ఇంకా కాల్చని మట్టి మీద గీయాలని చూస్తే మొన గీయడానికి బదులు మట్టిని చెక్కేస్తుంది.

బిస్క్ కాల్పు కోన్ 04 (కోన్ అనేది కిల్న్ వేడికి కొలమానం), అంటే సుమారు 1060 డిగ్రీల సెల్సియస్, దీనికి సరిగ్గా సరిపోయింది. అంతకంటే బాగా ఎక్కువ కాల్చితే మట్టి పీల్చుకోవడం తగ్గి, తర్వాత గ్లేజ్ జారిపోతుంది. బిస్క్ తర్వాత కూడా గరుకు మిగిలితే 400 నంబరు కాగితంతో నీళ్లలో తడుపుతూ రుద్ది, కడిగి, రాత్రంతా ఆరనివ్వండి. పొడిగా రుద్దితే లేచేది సిలికా ధూళి. ఊపిరితిత్తులకు అది మంచిది కాదు, మాస్క్ లేకుండా ఆ పని వద్దు.

గీసేటప్పుడు తెలియాల్సింది ఒక్కటే: గీత మట్టిలోకి దిగదు, పైన పొడిగా కూర్చుంటుంది. మణికట్టు తగిలితే చాలు, మసి. చేతి కింద కాగితం వేసుకుని పైనుంచి కిందికి గీసుకురండి. తప్పు గీతను తడిగుడ్డతో తుడిస్తే బూడిదరంగు మరక రంధ్రాల్లోకి దిగి అక్కడే ఉండిపోతుంది. పొడిబ్రష్‌తో పొడి దులిపి, మిగిలినదాన్ని ఉప్పుకాగితంతో తీయాలి. వేలితో పులిమి షేడింగ్ చేస్తే చూడ్డానికి అందంగానే ఉంటుంది, కానీ ఆ లేత బూడిదరంగులో చాలాభాగం గ్లేజ్ కింద కరిగిపోతుంది. కావాల్సినదానికంటే ఒక మెట్టు ముదురుగా గీయండి, లేదా షేడింగ్ మానేసి గీతల అల్లికతో నీడ తెప్పించండి. అల్లిక చెక్కుచెదరదు.

అసలు గండం ఇక్కడ మొదలవుతుంది. ఆ పొడి మీద పారదర్శక గ్లేజ్ వేయాలి. బ్రష్‌తో నేరుగా వేస్తే మొదటి పూతకే గీత బ్రష్ వెంట సాగి, తెల్లటి చోటంతా పొగచూరినట్టు అవుతుంది. ముంచితే కొంత నయం, రెండు మూడు లెక్కపెట్టి తీసేయాలి. అయితే రాలిన నలుపు బకెట్‌లో చేరి, తర్వాత ముంచిన తెల్ల గిన్నె మీద తేలుతుంది. కాబట్టి బొమ్మలున్నవాటికి గ్లేజ్ వేరే డబ్బాలో పోసుకోండి. స్ప్రే గన్ ఉంటే పలచగా పూత మీద పూత కొట్టడం శ్రేష్ఠం, గీత కదలదు. తుంపర గదిలో నిలవకుండా గాలి బయటికి లాగే ఏర్పాటు మాత్రం తప్పనిసరి.

ఇవేవీ కుదరనప్పుడు, నా లెక్కలో అన్నిటికంటే ఖాయమైన పద్ధతి, బొమ్మ గీశాక ఇంకోసారి బిస్క్ చేయడం. మొదటిది 1060కి చేసుంటే రెండోది 1000 దాటనివ్వొద్దు. మొదటిదాన్ని మించి కాల్చితే మట్టి ఇంకా బిగుసుకుని గ్లేజ్ సరిగా పట్టదు. 573 డిగ్రీల దగ్గర మట్టిలోని క్వార్ట్జ్ అనే ఖనిజం ఒక్కసారిగా వ్యాకోచిస్తుంది కాబట్టి మందపాటి పలకలను 600 దాటేదాకా గంటకు 100 డిగ్రీల చొప్పున నెమ్మదిగా ఎక్కించండి. ఒక కాల్పు ఖర్చు అదనమే, కాదనను. కానీ కిల్న్ ఎలాగూ బిస్క్‌కు నిండుతుంటే మూలన నాలుగు పలకలు దూర్చడం కష్టమేమీ కాదు. ఆ తర్వాత బ్రష్‌తో మూడు పూతలు వేసినా గీత చెదరదు.

గ్లేజ్ మందం విషయంలో పొదుపు మంచిది. ఆరిన గ్లేజ్‌ను సూదితో గీరి చూడండి. గోరు మందం దాటిందంటే ఎక్కువైనట్టే. అలా కాలిన పలకను కిటికీ దగ్గర ఏటవాలుగా వంచి చూస్తే నలుపు గీత మీద సన్నటి బుడగల పొర పాలమీగడలా కప్పి ఉంటుంది, గీత అంచులు నీళ్లలోంచి చూసినట్టు కనిపిస్తాయి. పలచగా వేసిన పక్కపలకలో అదే గీత, పెన్సిల్ గరుకుతో సహా, కాగితం మీద ఉన్నట్టే ఉంటుంది. నిలువు గోడలున్న పాత్రలకు బాగా కారే గ్లేజ్ వద్దు, అది గీతను కూడా తనతో కిందికి లాక్కుపోతుంది. నొక్కి నొక్కి నింపిన నలుపు మచ్చల మీద గ్లేజ్ ముడుచుకుని మట్టి బయటపడితే, అక్కడ పొడి మరీ దట్టంగా ఉందని అర్థం.

రంగులెందుకు వద్దన్నానంటే, వాటి బతుకు గ్లేజ్ చేతిలో ఉంటుంది. గులాబీ చాలావరకు క్రోమ్, తగరం కలిసిన రంగు. గ్లేజ్‌లో జింక్ ఉంటే వెలిసిపోతుంది. క్రోమ్ ఆకుపచ్చ జింక్ తగిలితే గోధుమరంగుకు తిరుగుతుంది. పసుపు సన్నగీతలో ఉన్నట్టే ఉండదు. కోబాల్ట్ నీలం గట్టిదే, అంచు మాత్రం కాస్త మెత్తబడుతుంది. నలుపులోనూ క్రోమ్ ఉంటే జింక్ గ్లేజ్ కింద గోధుమ ఛాయ వస్తుంది. కొత్త గ్లేజ్ డబ్బా తెరిచిన ప్రతిసారీ ఒక పరీక్ష పలక కాల్చాల్సిందే.

మిశ్రమ మాధ్యమంలో ఇది ఇంకా బాగా కలిసొచ్చింది. కాగితం మీద మొదలైన గీత మట్టిపలక మీదికి నడిచే పనుల్లో ఒక చిక్కుంది: కోన్ 6, అంటే సుమారు 1220 డిగ్రీల దాకా కాల్చితే బిస్క్ పలక ఇంకా కుంచించుకుపోతుంది. మట్టిని బట్టి 20 సెంటీమీటర్ల గీత 19కి దిగొచ్చు. పరీక్ష పట్టీ మీద 10 సెంటీమీటర్ల గీత గీసి కాల్చి కొలుచుకోండి. ఎప్పుడైనా మట్టి భాగం ముందు కాల్చి, కాగితం గీతను దానికి సరిపెట్టాలి. గీతను మట్టి దాటించి గాల్లోకి తీగగా సాగదీయాలనుకుంటే రాగి వద్దు, 1085 డిగ్రీలకే కరిగి షెల్ఫ్‌ను పాడుచేస్తుంది. వేడికి తట్టుకునే మిశ్రమలోహాలైన నిక్రోమ్ లేదా కాంథల్ తీగ నిలుస్తుంది. కాంథల్ కాలాక పెళుసవుతుంది కాబట్టి వంపులన్నీ ముందే తిప్పేయాలి. యాక్రిలిక్ ఇంకు, గువాష్, బంగారు రేకు లాంటివన్నీ ఆఖరి కాల్పు అయ్యాకే.

గ్లేజ్ లేకుండా వదిలేసిన గీత గోడ పలకలకు చక్కగా నప్పుతుంది, పొడిగా, బొగ్గుతో గీసినట్టు. కోన్ 6 తర్వాత కూడా తడివేలితో రుద్దితే కాస్త నలుపు అంటుతుంది. అందుకని తినే పళ్లెం లోపల, కప్పు అంచున గ్లేజ్ లేని గీత ఉండకూడదు.

పెన్సిల్ మూడు సెంటీమీటర్లకు అరిగి చేతికి అందనప్పుడు చెక్కను చీల్చి ములుకు తీసి, డబ్బాలో దాచిన పొడితో కలిపి నీళ్లతో నూరండి. దాంతో సమాన బరువు పారదర్శక ఫ్రిట్ (ముందే కరిగించి పొడి చేసిన గాజు) కలిపి పాలంత పలచగా చేస్తే వాష్ తయారు. పెన్సిల్ ఓడిపోయే రవ్వ మట్టి మీద దీన్ని పూసి, ఆరాక తడి స్పాంజితో తుడిస్తే గుంతల్లో మాత్రమే నలుపు నిలుస్తుంది. తుడిచిన ప్రతిసారీ స్పాంజి కడుక్కోండి, లేకపోతే తీసిన నలుపే మళ్లీ పూసినట్టవుతుంది.