గాజువాకలో రాత్రి పదకొండున్నర దాకా నడిచే క్లినిక్: కొన్నేళ్ల వాడకం తర్వాత

విశాఖపట్నం గాజువాకలో మా ఇంటికి నడిచి వెళ్లే దూరంలో ఉన్న ఈ క్లినిక్ ఉదయం ఏడు నుంచి రాత్రి పదకొండున్నర వరకు, ఆదివారాలు కూడా, తెరిచే ఉంటుంది. ముగ్గురు డాక్టర్లు వంతులవారీగా చూస్తారు, చిన్న ల్యాబ్ ఉంది, పక్క గదిలోనే మందుల షాపు. స్టీల్ ప్లాంటులో బి షిఫ్టు పదింటికి ముగించుకొని వచ్చేవారు, పరవాడ ఫార్మా కంపెనీల బస్సు దిగి నేరుగా వచ్చేవారు ఇక్కడి రాత్రి ఓపీలో సగానికి పైగా కనిపిస్తారు. ఇది లేకపోతే ఆ వేళకు ఎన్ఏడీ మీదుగానో సింధియా మీదుగానో నగరంలోని పెద్ద ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌కు పోవలసిందే.

ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలను జాతీయ నాణ్యతా ప్రమాణాల ప్రకారం తనిఖీ చేసేవారు నాలుగు దారులు వాడతారు: కళ్లతో చూడడం, సిబ్బందిని అడగడం, రికార్డులు తిరగేయడం, రోగులతో మాట్లాడడం. ఒక్కో అంశానికి సున్నా, ఒకటి, రెండు మార్కులు వేస్తారు, ధ్రువీకరణకు 70 శాతం రావాలి. వీధి క్లినిక్‌కు అంత పరీక్ష ఎవరూ పెట్టరు కనుక ఆ నాలుగు దారుల్లో నాకు వీలైనంత నేనే నడిచి చూశాను. నేను తేల్చుకున్నది ఒకటే: ఎక్కువ గంటలు తెరిచి ఉండే చోట నాణ్యతను చివరి గంటలోనూ, ఒక డాక్టరు లేచి మరొకరు కూర్చునే సమయంలోనూ కొలవాలి.

మొదట్లో ఆ మార్పిడే ఇక్కడి అతి పెద్ద లోపం. అప్పుడు చీటీ రోగి చేతిలో మాత్రమే ఉండేది. మా అమ్మ ఒకసారి చీటీ ఇంట్లో మరిచి రాత్రి వెళ్తే, ఉదయం మొదలుపెట్టిన యాంటీబయోటిక్ సంగతి అడగకుండానే ఆ రాత్రి డాక్టరు ఇంకొకటి రాశారు. మందుల షాపు కుర్రాడు గుర్తుపట్టి ఆపాడు గానీ, ఆపవలసింది అతను కాదు. తర్వాత యాజమాన్యం ఫోన్ నంబరుతో తెరుచుకునే కంప్యూటర్ ఫైలు పెట్టింది.

దాని విలువ పోయిన వర్షాకాలంలో తెలిసింది. మా అబ్బాయికి జ్వరం వచ్చిన మూడో రోజు ఉదయం ఎన్ఎస్1 పరీక్షలో డెంగీ అని తేలింది. రాత్రికి ఒళ్లునొప్పులు భరించలేక, ఒక ఇంజక్షన్ చేయమని మేమే అడిగాం. డ్యూటీ డాక్టరు ఉదయపు ఫైలు చూసి, డెంగీలో డైక్లోఫెనాక్ వంటి నొప్పి మందులు రక్తస్రావం ముప్పును పెంచుతాయని చెప్పి చేయనన్నారు. పారాసెటమాల్ మోతాదు రాసి, జ్వరం తగ్గగానే తేలిగ్గా తీసుకోవద్దని, అసలు జాగ్రత్తపడవలసింది అప్పుడేనని, కడుపునొప్పి గానీ ఆగని వాంతులు గానీ చిగుళ్ల నుంచి రక్తం గానీ కనిపిస్తే తమ దగ్గరికి కాక నేరుగా పెద్దాసుపత్రికి వెళ్లమని చెప్పారు. ఇంజక్షన్ లేనిదే వైద్యం జరిగినట్టు అనుకోని మన జనం మధ్య, ఫీజు తీసుకొని 'వద్దు' అనగలిగిన ఆ డాక్టరుకు నేను రెండుకు రెండు మార్కులు వేస్తాను.

బీపీ విషయంలో మాత్రం పగలూ రాత్రీ ఒక్క తీరుగా లేవు. పగలు రోగిని ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, చేయి గుండె ఎత్తులో బల్లపై పెట్టించి చూస్తారు. పదిన్నర దాటితే మెట్లెక్కి వచ్చిన మనిషికి ఆయాసం తీరకముందే పట్టీ చుట్టేస్తారు. ఆ అంకె చూసి మందు పెంచబోతే, మళ్లీ చూడమని అడగండి, కాదనరు.

ల్యాబ్ టెక్నీషియన్ ఎనిమిదింటికి వెళ్లిపోతాడు. ఆ తర్వాత సిస్టర్ తీసిన రక్తం తెల్లారేదాకా ఫ్రిజ్‌లో ఉంటుంది. రక్తకణాల నుంచి సీరం (పైన తేలే ద్రవం) వేరు చేయకుండా అలా ఉంచితే, కిడ్నీ పరీక్షల్లో చూసే పొటాషియం లేనిపోనిదిగా పెరిగి కనిపిస్తుంది. అందువల్ల కిడ్నీ పరీక్షలకు రాత్రి రక్తం ఇవ్వకూడదన్నది నా నియమం. అసలు ఆ వేళ శాంపిల్ తీయబోమని వారే చెప్పాలి.

వాడిన సూదులకు తెల్లని, గుచ్చుకుపోని డబ్బా ఉంది, కానీ రాత్రికి అది నిండి మూత పడని స్థితిలో చాలాసార్లు కనిపించింది. చీటీలపై డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలని 2002 నాటి వైద్య నియమావళి చెబుతుంది. ఇద్దరి చీటీలపై ఉంది, రాత్రివేళ అప్పుడప్పుడు బదులుగా వచ్చేవారి చీటీలపై ఉండదు. అదే నియమావళి ప్రకారం రోగి అడిగితే రికార్డులు 72 గంటల్లో ఇవ్వాలి. మా నాన్నగారి పాత ఫైలు అడిగితే మరునాడే ప్రింటు తీసి ఇచ్చారు.

గుండెనొప్పితో వచ్చినవారిని టోకెన్ లేకుండా లోపలికి తీసుకొని ముందు ఈసీజీ తీయడం, తేడా ఉంటే 108 పిలిచి పంపేయడం నేను కళ్లారా చూశాను. పడుకోబెట్టి సెలైన్ ఎక్కించి కాలయాపన చేయరు.

రాత్రి తొమ్మిది తర్వాత ఫీజు ఎక్కువ. అది న్యాయమే, అయితే ఆ సంగతి కౌంటరు దగ్గరికి వెళ్లేదాకా తెలిసేది కాదు. అడిగితే బోర్డు రాయించారు. ఆ రాత్రి డ్యూటీలో ఎవరున్నారో, వారి అర్హతేమిటో కూడా అదే బోర్డుపై రాయమని కోరాను. ఇప్పటికైతే ఫీజు ఒక్కటే ఉంది.