పట్టేసిన డీజిల్ ఫిల్టరు: బెల్టు, గొలుసు, కప్పు, స్క్రూడ్రైవర్‌లలో ఏది మేలు?

పాత డీజిల్ పికప్ బండిలో, డబ్బాలా ఉండి మొత్తంగా తిప్పి బిగించే రకం ఫిల్టరు చేతికి లొంగనప్పుడు చాలామంది ముందుగా తుప్పు వదిలించే స్ప్రే కోసం వెతుకుతారు. నా లెక్కలో ఆ ఖర్చు దండగ. లోపలి మర ఎప్పుడూ డీజిల్‌లోనే నానుతూ ఉంటుంది కనుక అక్కడ తుప్పు పట్టడం అరుదు. అసలు పట్టు పై అంచున ఉన్న రబ్బరు వాషరుది. కిందటిసారి దానికి చుక్క డీజిల్ కూడా రాయకుండా, పైగా పానా వేసి బిగించి ఉంటే, ఇంజను వేడికి అది ఫిల్టరు హెడ్డుకు, అంటే డబ్బా పైన బిగుసుకునే లోహపు భాగానికి, అతుక్కుపోతుంది. స్ప్రే అక్కడిదాకా చేరదు సరికదా, డబ్బాను జిడ్డు చేసి ఉన్న పట్టును కూడా పోగొడుతుంది. ఇక మంట చూపించే ఆలోచనే వద్దు. మన దేశంలో డీజిల్ ఫ్లాష్ పాయింటు, అంటే నిప్పు తగిలితే దాని ఆవిరి భగ్గుమనే కనిష్ఠ వేడి, కనీసం 35 డిగ్రీల సెల్సియస్ ఉంటే చాలన్నది ప్రమాణం. మే నెలలో రామగుండంలో నీడపట్టునే అంతకు మించిన వేడి ఉంటుంది.

నా మొదటి ఓటు బెల్టు రెంచికే. అయితే దాన్ని డబ్బా నడుముకు చుట్టడం పొరపాటు, ఎందుకంటే అక్కడ రేకు పలచన. నొక్కుకుపోతుందే గాని తిరగదు. మందపాటి అడుగుపళ్లెం డబ్బా పై అంచునే ఉంటుంది కాబట్టి, బెల్టును వీలైనంత పైకి, హెడ్డుకు ఆనుకునేలా చుట్టాలి. అంతకుముందు డబ్బాను పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచి, గరుకు వైపు రేకుకు తగిలేలా ఒక ఉప్పుకాగితం పట్టీ చుడితే, జారే బెల్టు కూడా చాలాసార్లు పట్టు చిక్కించుకుంటుంది.

గొలుసు రెంచి పట్టు దీనికంటే చాలా గట్టిది, కానీ అది రేకును కొరికేస్తుంది. పాత ఫిల్టరు ఎలాగూ పారేసేదే కాబట్టి అందులో నష్టం లేదు, చిక్కల్లా చోటుతోనే. పక్కనే గొట్టాలు, వైర్లు ఉన్న ఇరుకులో గొలుసు పిడి పావు చుట్టు కూడా తిరగదు.

డబ్బా కింది కొసకు టోపీలా తొడిగే కప్పు రెంచి చూడటానికి ముచ్చటగా ఉంటుంది, ఇరుకులోనూ పనిచేస్తుంది. కాని దాని పళ్లు మీ ఫిల్టరు అంచులకు సరిగ్గా సరిపోవాలి, ఒక్కసారి జారితే ఆ అంచులు గుండ్రంగా అరిగిపోతాయి. పైగా డీజిల్ ఫిల్టర్లలో చాలావాటికి కింద నీళ్లు వదిలే మర, కొన్నింటికి సెన్సరు వైరు ఉంటాయి; అలాంటి వాటికి కప్పు అసలు ఎక్కదు.

స్క్రూడ్రైవర్‌ను అడ్డంగా దింపి తిప్పడం మన షెడ్లలో అందరికీ తెలిసిన విద్యే. దాన్ని నేను చివరికి ఉంచుతాను. కింద గుచ్చితే పలచని రేకు బెత్తెడు మేర చిరిగి, పట్టుకోవడానికి ఏమీ మిగలదు. పైన గుచ్చితే హెడ్డు నుంచి దిగిన మరగొట్టానికి తగిలి కొత్త ఫిల్టరు ఎక్కకుండా పోతుంది. గుచ్చక తప్పదనుకుంటే, కింది మర విప్పి ఫిల్టరులోని డీజిల్‌ను వేరే గిన్నెలోకి వదిలేశాక, ఆ గొట్టం కొసకు కాస్త దిగువన గుచ్చాలి. డబ్బా చిరిగి పళ్లెం ఒక్కటే మిగిలితే, దాని అంచున ఉలి ఆనించి, విప్పే దిశలో చిన్న సుత్తితో మెల్లగా తట్టుకుంటూ రావాలి.

ఏ సాధనం పట్టినా దిశ దగ్గర జాగ్రత్త పడాలి. కింది నుంచి చూస్తే గడియారం ముల్లుకు ఎదురుగా తిప్పాలి. బానెట్ ఎత్తి పై నుంచి వంగి చూసేవారికి అదే ముల్లు తిరిగే దిశగా కనిపిస్తుంది. నేను ఒకసారి ఈ తికమకలో పడి, పట్టేసిన ఫిల్టరును బెల్టుతో ఇంకో పావు చుట్టు బిగించాను.

ఊడివచ్చాక హెడ్డు అంచు చుట్టూ వేలితో తడమాలి. పాత వాషరు అక్కడే అంటుకుని ఉండగా దాని మీదనే కొత్తది బిగిస్తే గాలి పీల్చి ఇంజను ఆగిపోతుంది.